జీతం ఆగినా ఆగని డ్యూటీ: అమెరికా షట్‌డౌన్‌లో ఉద్యోగులు, ప్రజల భద్రత

2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు జీతం పడలేదు. అది ఖజానా ఖాళీ అయి ఆగిన జీతం కాదు. రాజధాని బిల్లులు ముందా, బడ్జెట్ ముందా అన్న పేచీలో జూన్ 17న శాసనమండలి ద్రవ్య వినిమయ బిల్లును తేల్చకుండానే నిరవధికంగా వాయిదా పడింది. అంతకుముందు మూడు నెలలకు తెచ్చుకున్న ఖర్చు అనుమతి జూన్ 30తో తీరిపోయింది. సంచిత నిధిలో సొమ్ము ఉంది కానీ, దాన్ని తీసే అధికారం ఎవరికీ లేదు. అయితే మన రాజ్యాంగం ఇలాంటి చిక్కుకు ముందే ఒక దారి వదిలిపెట్టింది. ద్రవ్య బిల్లును మండలి 14 రోజుల్లో తిప్పి పంపకపోతే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క అని 198వ అధికరణ చెబుతుంది. గడువు ముగిసింది, గవర్నర్ సంతకం పడింది, ఆ వెంటనే జీతాలూ వచ్చాయి. కరోనా మొదటి ఏడాది అది. జీతం ఆలస్యమైన ఆ కొద్ది రోజుల్లోనూ ఆసుపత్రులు, పోలీస్ స్టేషన్లు నడిచాయి. డబ్బు తీసే అనుమతి లేదు కాబట్టి ఇంటికి వెళ్లిపొమ్మని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అమెరికాలో ఇదే చిక్కు వస్తే ఆ 14 రోజుల తలుపు లేదు. ఖర్చుకు అనుమతి లేక ప్రభుత్వ పనులు ఆగిపోవడాన్నే అక్కడ షట్‌డౌన్ అంటారు. రెండు సభలు ఒప్పుకొని, అధ్యక్షుడు సంతకం పెట్టేదాకా ఎన్ని రోజులైనా అంతే. 2018 డిసెంబర్ 22న మొదలైన షట్‌డౌన్ 35 రోజులు సాగింది. 2025 అక్టోబర్ 1న మొదలైనది 43 రోజులు సాగి, అప్పటికి ఆ దేశ చరిత్రలోనే అతి పొడవైనదిగా నిలిచింది. ఆ రోజుల్లో లక్షల మంది ఉద్యోగులు పని మానేసి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఇంకొన్ని లక్షల మంది జీతం లేకుండా డ్యూటీకి వెళ్లాల్సి వచ్చింది. విమానాలకు దారి చూపేవాళ్లు, ఎయిర్‌పోర్టుల్లో బ్యాగులు తనిఖీ చేసేవాళ్లు, జైలు గార్డులు, కోస్ట్ గార్డ్ నావికులు, తుపాను హెచ్చరికలు ఇచ్చేవాళ్లు ఈ రెండో గుంపులోకి వస్తారు.

షట్‌డౌన్ అంటే ఆఫీసులకు తాళాలు, పార్కుల గేట్లు మూసేయడం అన్న చిత్రమే మనకు ఎక్కువగా కనిపిస్తుంది. అసలు దెబ్బ తగిలేది మూతపడని చోట. తాళం పడ్డ పార్కును మళ్లీ తెరవొచ్చు. జీతం లేకుండా తెరిచి ఉంచిన కంట్రోల్ టవర్‌లో, ఆగిపోయిన తనిఖీల్లో, వాయిదాపడ్డ శిక్షణలో పోయింది ఏమిటో వెంటనే లెక్కకు కూడా అందదు.

ఒక్క మాట మీద నిలబడ్డ గీత

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణలోనే, చట్టం ద్వారా కేటాయించకుండా ఖజానా నుంచి పైసా తీయకూడదని ఉంది. దానికి తోడు 1884లో వచ్చిన ఒక చట్టం, కేటాయింపు లేనప్పుడు ప్రభుత్వ శాఖలు ఎవరిచేతా ఉచితంగా సేవ చేయించుకోకూడదని చెప్పింది. ఉద్దేశం మంచిదే. శాఖలు ముందు పని చేయించేసుకుని, తర్వాత బిల్లు తెచ్చి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నెత్తిన పెట్టకుండా ఆపడం. దాదాపు వందేళ్లపాటు ఈ చట్టం ఎవరినీ ఇంటికి పంపలేదు. బడ్జెట్ ఆలస్యమైతే శాఖలు కాస్త పొదుపుగా నడుచుకుంటూ, డబ్బు ఎలాగూ వస్తుందన్న నమ్మకంతో పని సాగించేవి.

1980 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ అలవాటుకు తెర దించారు. కేటాయింపు లేకపోతే పని ఆపాల్సిందేనని, ఆపని అధికారులపై కేసు పెట్టవచ్చని ఆయన అభిప్రాయం ఇచ్చారు. ఆ లెక్కన మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూతపడింది. మరుసటి ఏడాది జనవరిలో ఆయనే ఇంకో అభిప్రాయంలో మినహాయింపులను వివరించారు. మనుషుల ప్రాణాలకు, ఆస్తులకు రక్షణగా ఉండే పనులు సాగవచ్చన్నారు. 1990లో కాంగ్రెస్ దీన్ని ఇంకా బిగించింది. ఆపితే ప్రాణాలకో ఆస్తికో తక్షణ ముప్పు వచ్చే పనులే సాగాలి, మామూలుగా నడిచే పనులు మినహాయింపులోకి రావు అని చట్టంలో రాసింది.

షట్‌డౌన్ కథంతా ఆ 'తక్షణ' అన్న మాట చుట్టూనే తిరుగుతుంది. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంటుంది. మంటలార్పేవాణ్ణి ఆపొద్దు, ఫైళ్లు సర్దేవాణ్ణి ఆపొచ్చు. కానీ ప్రజల భద్రతలో ఎక్కువ భాగం మంట పుట్టకముందు చేసే పని. ఫ్యాక్టరీ తనిఖీ, ఎండిన పొదల తొలగింపు, కొత్త కంట్రోలర్‌కు శిక్షణ, రోగ నమూనాల పోలిక, సాఫ్ట్‌వేర్‌లో లోపం సరిచేయడం. వీటిలో ఏది ఈరోజు ఆగినా ఈరోజే ఎవరూ చచ్చిపోరు. కాబట్టి చట్టం దృష్టిలో అవి తక్షణం కావు. కాలువ గట్టుకు పడ్డ బొరియను ఇవాళ పూడ్చకపోతే రేపు ఊరు మునగదు. వాన పడ్డ రాత్రి మునుగుతుంది.

ఇంట్లో ఒకరు, డ్యూటీలో ఒకరు

2018-19లో దాదాపు 8 లక్షల మంది ఉద్యోగుల మీద దెబ్బ పడింది. వారిలో సుమారు 3 లక్షల 80 వేల మంది ఫర్లో (పని ఆపించి, జీతం లేకుండా ఇంటికి పంపడం) కింద ఇంటి దగ్గరున్నారు, 4 లక్షల 20 వేల మంది జీతం లేకుండా పని చేశారు. 2025లో అంచనాల ప్రకారం ఇంటికి వెళ్లినవాళ్లు సుమారు 6 లక్షల 70 వేలు, జీతం లేకుండా పని చేసినవాళ్లు 7 లక్షల 30 వేలు.

ఫర్లో అంటే సెలవు అని అనుకుంటే పొరపాటు. ఆఫీసు ఫోనులో ఈమెయిల్ చూడటం కూడా నిషేధం. జీతం ఇవ్వకపోయినా పర్వాలేదు, నా పని నేను చేసుకుంటానంటే చట్టం ఒప్పుకోదు. ఉల్లంఘించిన అధికారికి 5 వేల డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు రాసి ఉన్నాయి. డ్యూటీలో ఉండాల్సినవాళ్ల పరిస్థితి దీనికి తలకిందులు. రానంటే క్రమశిక్షణ చర్య. వేరే చోట నిరుద్యోగ భృతి అడుగుదామంటే, పని చేస్తూనే ఉన్నారు కాబట్టి నిరుద్యోగులు కారంటారు. ఇంట్లో ఉన్నవాళ్లకు భృతి దొరికినా, తర్వాత బకాయి జీతం అందాక దాన్ని తిరిగి కట్టాలి.

అక్కడ జీతం రెండు వారాలకోసారి వస్తుంది. 35 రోజుల షట్‌డౌన్‌లో రెండు జీతాలు పూర్తిగా తప్పిపోయాయి. పెద్ద జీతగాళ్లకు ఇది ఇబ్బంది, చిన్న జీతగాళ్లకు గండం. ఎయిర్‌పోర్టు తనిఖీ సిబ్బంది సమాఖ్య ప్రభుత్వంలో తక్కువ జీతాలున్న ఉద్యోగుల్లో ఉంటారు. ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల డేకేర్ ఫీజు, వీటిలో ఏదీ కాంగ్రెస్ రాజీ పడేదాకా ఆగదు. డేకేర్ మాన్పిస్తే పిల్లను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, కారులో పెట్రోలు లేకపోతే డ్యూటీకి చేరడమే కుదరదు. జీతం ఆగాక గైర్హాజరు పెరగడానికి కారణం క్రమశిక్షణలో కాదు, ఇక్కడ వెతకాలి. 2019 జనవరి 20న తనిఖీ సిబ్బందిలో పది శాతం మంది డ్యూటీకి రాలేదు. ముందు ఏడాది అదే రోజున ఆ లెక్క మూడు శాతం దగ్గరుంది. మయామీ ఎయిర్‌పోర్టులో విమానాలెక్కే ఒక విభాగాన్నే కొన్ని రోజులు సగం పూట మూసేశారు.

కోస్ట్ గార్డ్ విషయం మరీ బాధాకరం. ఆ ఏడాది రక్షణ శాఖ బడ్జెట్ ముందే ఆమోదం పొందింది కాబట్టి నేవీ, ఆర్మీ జీతాలకు ఢోకా లేదు. కోస్ట్ గార్డ్ మాత్రం హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంది. 2019 జనవరి 15న దాదాపు 42 వేల మంది నావికులకు జీతం రాలేదు. సాయుధ బలగాల్లోని వాళ్లకు షట్‌డౌన్ కారణంగా జీతం తప్పడం అదే మొదటిసారి. ఒకే సముద్రంలో రెండు ఓడలు, ఒక ఓడ మీద జీతం ఉంది, ఇంకో ఓడ మీద లేదు. ఏ బిల్లు ముందు పాసైందన్నదే తేడా తప్ప, ఎవరి పని ఎంత ప్రమాదకరం అన్నది లెక్కలోకే రాలేదు.

2025లో పాలకులు ఇంకో దారి పట్టారు. సైనికుల జీతాలకు పరిశోధన నిధుల్లోంచి సుమారు 800 కోట్ల డాలర్లు మళ్లించారు. అంటే కావాలనుకుంటే ఎక్కడో ఒకచోట దారి దొరుకుతుందని తేలింది. కంట్రోలర్లకు, తనిఖీ సిబ్బందికి ఆ దారి తెరుచుకోలేదు.

బకాయి జీతం మీద కూడా భయం పెట్టారు. 2019లో వచ్చిన చట్టం, షట్‌డౌన్ ముగిశాక అందరికీ బకాయి చెల్లించి తీరాలని చెబుతోంది. 2025 అక్టోబర్‌లో ఫర్లోలో ఉన్నవాళ్లకు అది ఆటోమేటిక్‌గా రాదన్న వాదన వైట్‌హౌస్ వైపు నుంచి బయటికొచ్చింది. షట్‌డౌన్ నడుస్తుండగానే దాదాపు 4 వేల మందికి ఉద్యోగాల తొలగింపు నోటీసులు వెళ్లాయి, కోర్టు వాటిని ఆపింది. నవంబర్ 12న సంతకమైన చట్టం ఆ తొలగింపులను రద్దు చేసి, బకాయిలకు హామీ ఇచ్చింది. చివరికి జీతం వచ్చింది నిజమే. కానీ ఆ ఆరు వారాలూ ఆ ఇళ్లల్లో వాళ్లకు ఆ సంగతి తెలియదు.

కాంట్రాక్టు కార్మికులకైతే ఆ ముగింపు కూడా లేదు. ప్రభుత్వ భవనాలు ఊడ్చేవాళ్లు, క్యాంటీన్లలో వండేవాళ్లు, గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులు ప్రభుత్వ ఉద్యోగుల లెక్కలోకి రారు. 2019లో కోల్పోయిన 35 రోజుల కూలి వాళ్లలో ఎక్కువమందికి ఇక తిరిగి రాలేదు. మన ఊళ్లలో అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులను చూసినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పది మంది రాకపోతే

2019 జనవరి 25 ఉదయం న్యూయార్క్‌లోని లాగ్వార్డియా ఎయిర్‌పోర్టుకు వచ్చే విమానాలను కొంతసేపు ఆపేశారు. వాషింగ్టన్, జాక్సన్‌విల్ ప్రాంతాల గగనతలాన్ని చూసే రెండు కేంద్రాల్లో కంట్రోలర్లు చాలలేదు. ఆ ఉదయం రానివాళ్లు రెండు చోట్లా కలిపి దాదాపు పది మంది. ఆ ఆలస్యం న్యూజెర్సీకి, ఫిలడెల్ఫియాకు పాకింది. అదే రోజు మధ్యాహ్నం షట్‌డౌన్ ముగించే ఒప్పందం వెలువడింది. 35 రోజుల చర్చలు చేయలేని పని, పది ఖాళీ కుర్చీలు కొన్ని గంటల్లో చేశాయి.

ఇంత పెద్ద వ్యవస్థ పది మంది మీద ఎలా ఆధారపడిందన్నది అడగాల్సిన ప్రశ్న. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ను ఇంకొక చోటి నుంచి తెచ్చి కూర్చోబెట్టడం కుదరదు. ఒక్కొక్కరికి ఒక్కో గగనతల భాగానికి విడిగా అర్హత ఉంటుంది. అక్కడి దారులు, ఎత్తులు, పద్ధతులు ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది. సరిపడా మనుషులు లేనప్పుడు చేయగలిగింది ఒక్కటే, విమానాల మధ్య దూరం పెంచి, సంఖ్య తగ్గించడం. అంటే విమానం ఆలస్యమవడం వ్యవస్థ విఫలమవడం కాదు, భద్రతను కాపాడుకోవడానికి అది చెల్లిస్తున్న మూల్యం. ప్రయాణికుడికి కోపం తెప్పించే ఆ ఆలస్యమే అతని ప్రాణానికి కాపలా.

షట్‌డౌన్ లేని రోజుల్లోనే ఈ వృత్తిలో మనుషుల కొరత ఉంది. దేశవ్యాప్తంగా అవసరమైనదానికంటే వేలల్లో తక్కువమంది ఉన్నారు. చాలామంది వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు పని చేస్తున్నారు. 2018-19లో ఓక్లహోమా సిటీలోని కంట్రోలర్ల అకాడమీ మూతపడింది. 'తక్షణ' కాదు కదా మరి. అక్కడ తప్పిపోయిన ప్రతి వారం, కొన్నేళ్ల తర్వాత ఏదో ఒక టవర్‌లో ఒక ఖాళీ కుర్చీ అవుతుంది. ఆ రోజు అక్కడ ఆలస్యమైన విమానానికి, ఏనాటిదో షట్‌డౌన్‌కి సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

2025లో పరిస్థితి ఇంకా దూరం వెళ్లింది. అక్టోబర్ 6న కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ ఎయిర్‌పోర్టు టవర్‌లో కొన్ని గంటలపాటు కంట్రోలర్లే లేరు. శాన్ డియేగో కేంద్రం దూరం నుంచి విమానాలను చూసుకుంది. అక్టోబర్ 28న కంట్రోలర్లు పూర్తిగా జీతం లేని మొదటి జీతం రోజును చూశారు. మూడు రోజులకే న్యూయార్క్ ప్రాంత కేంద్రాల్లో దాదాపు 80 శాతం మంది రాలేదని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రకటించింది. చివరికి నవంబర్ 7 నుంచి 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలను నాలుగు శాతం, తర్వాత ఆరు శాతం తగ్గించమని ప్రభుత్వమే ఆదేశించింది. నవంబర్ 9 ఒక్కరోజే 2,500కు పైగా విమానాలు రద్దయ్యాయి.

ఆ కోతను రాజకీయ ఒత్తిడి అన్నవాళ్లూ ఉన్నారు. ఎత్తుగడ పాలు ఎంతున్నా, దాని వెనకున్న భయం మాత్రం నిజమైనది. పగలు టవర్‌లో కూర్చుని, రాత్రి డెలివరీ బండి నడిపి, మూడు గంటల నిద్రతో మళ్లీ మైకు ముందుకొచ్చిన మనిషి చెప్పే అంకె ఒక్కటి తప్పితే ఏమవుతుందో లెక్కవేయడానికి పట్టికలు ఉండవు. 2019 జనవరిలో కంట్రోలర్లు, పైలట్లు, ఫ్లయిట్ అటెండెంట్ల సంఘాలు మూడూ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. ముప్పు ఏ స్థాయిలో ఉందో తాము లెక్కగట్టలేకపోతున్నామని, వ్యవస్థ ఎక్కడ తెగుతుందో ఊహించలేమని దాని సారాంశం. రెండు రోజుల తర్వాతే లాగ్వార్డియా ఆగింది.

కనబడని కాపలా

విమానాలు కనీసం కనబడతాయి. ఆలస్యమైతే టీవీలో బోర్డులు చూపిస్తారు. మిగతా చోట్ల పోయేది కనబడదు.

2013 అక్టోబర్‌లో 16 రోజుల షట్‌డౌన్ వచ్చినప్పుడు, అంటురోగాలను పట్టుకునే సీడీసీ సంస్థలో మూడింట రెండు వంతుల మంది ఇంటికి వెళ్లారు. సరిగ్గా ఆ వారంలోనే కాలిఫోర్నియా కోడిమాంసం ద్వారా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వ్యాపిస్తోందని తేలింది. అక్టోబర్ 7 నాటికి 18 రాష్ట్రాల్లో 278 మంది జబ్బుపడ్డారు. వేర్వేరు రాష్ట్రాల్లో జబ్బుపడ్డవాళ్లది ఒకే సూక్ష్మజీవి అని చెప్పగలిగేది ల్యాబుల్లో నమూనాలను పోల్చే నిపుణులే. ఫర్లోలో ఉన్నవాళ్లలో కొంతమందిని సీడీసీ హడావిడిగా వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. అంటే పోల్చే పని 'తక్షణం' అయ్యేసరికి వందల మంది ఆసుపత్రుల మెట్లెక్కేశారు. ఆ వ్యాప్తి చివరికి 600 మందికి పైగా పాకింది. షట్‌డౌన్ లేకపోతే ఎంత తగ్గేదో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి నష్టంతో ఉన్న కష్టమే అది. జరిగిందానికి లెక్క ఉంటుంది, ఆపగలిగి ఆపనిదానికి ఉండదు.

2019లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మామూలు ఆహార తనిఖీలు ఆపేసింది. మామూలు రోజుల్లో వారానికి సుమారు 160 ఫ్యాక్టరీలను తనిఖీ చేసేవారు, వాటిలో మూడోవంతు ప్రమాదం ఎక్కువున్న ఆహారాలవి. విమర్శలొచ్చాక ఆ మూడోవంతుకు మాత్రం ఇన్‌స్పెక్టర్లను జీతం లేకుండానే తిరిగి పిలిచారు. మాంసం తనిఖీ వేరే శాఖది కాబట్టి అక్కడ ఇన్‌స్పెక్టర్లు మొదటి నుంచీ జీతం లేకుండా నిలబడ్డారు.

2018 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని కార్చిచ్చు బూడిద చేసి, 85 ప్రాణాలు తీసింది. సుమారు నెలన్నరకు వచ్చిన షట్‌డౌన్‌లో, పశ్చిమ రాష్ట్రాల్లో చలికాలంలో చేసే ముందస్తు పనులు చాలా ఆగిపోయాయి. ఎండిన తుక్కును తడి ఉన్న రోజుల్లోనే అదుపులో పెట్టి కాల్చేయాలి, వేసవికి కొత్త దళాలకు శిక్షణ ఇవ్వాలి. చలికాలం ఎవరి కోసమూ ఆగదు. జనవరి పోతే ఆ పనికి మళ్లీ ఏడాది.

సైబర్ భద్రత సంగతి కొత్తది, భయం మాత్రం పెద్దది. 2025 షట్‌డౌన్ మొదలైన రోజే, కంపెనీలు సైబర్ దాడుల సమాచారాన్ని ప్రభుత్వంతో పంచుకోవడానికి రక్షణ ఇచ్చే 2015 నాటి చట్టం గడువు తీరి కొంతకాలం లేకుండాపోయింది. దేశ కంప్యూటర్ వ్యవస్థలకు కాపలా కాసే సంస్థలో మూడింట రెండు వంతుల మందిని ఇంటికి పంపే ప్రణాళికే ఉంది. అణ్వాయుధ నిల్వల బాధ్యత చూసే సంస్థ అక్టోబర్ 20న దాదాపు 1,400 మందిని ఫర్లోకు పంపింది. ఆ సంస్థ పుట్టాక అలా జరగడం అదే మొదటిసారి.

ఎఫ్‌బీఐ ఏజెంట్ల సంఘం 2019 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఒక ముక్క గుర్తుపెట్టుకోదగ్గది. ముఠాల లోపలి సమాచారం ఇచ్చేవాళ్లకు చెల్లించే డబ్బు ఆగిపోయిందని అందులో చెప్పారు. ఇన్‌ఫార్మర్‌కు ప్రభుత్వం మీద నమ్మకం పుట్టడానికి ఏళ్లు పడుతుంది. ఒకసారి జారిపోయినవాడు కొత్త బడ్జెట్ చూసి వెనక్కి రాడు.

మన ఇళ్ల దాకా

ఈ గొడవ వాషింగ్టన్‌లో జరుగుతున్నా డాలస్, న్యూజెర్సీల్లోని తెలుగు ఇళ్లకూ, వాళ్ల మీద ఆశలు పెట్టుకున్న గుంటూరు, కరీంనగర్ ఇళ్లకూ తగులుతుంది. వీసా దరఖాస్తులు చూసే ఇమ్మిగ్రేషన్ శాఖ ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి మూతపడదు. కానీ హెచ్-1బి దరఖాస్తుకు ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ (జీతం, పని పరిస్థితులపై కంపెనీ ఇచ్చే హామీకి ఆమోదం) కావాలి. ఆ శాఖ బడ్జెట్ మీద నడుస్తుంది. 2025 అక్టోబర్ 1న ఎల్‌సీఏ, పెర్మ్ (గ్రీన్‌కార్డుకు కావాల్సిన కార్మిక శాఖ ధ్రువీకరణ) దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటే ఆగిపోయి, అక్టోబర్ 31న గానీ తెరుచుకోలేదు. మామూలుగా వారం రోజుల్లో వచ్చే కాగితం అది. ఉద్యోగం పోయినవాళ్లకు కొత్త కంపెనీ చూసుకోవడానికి ఉండేది 60 రోజుల గడువు. ఆఫరు చేతిలో ఉన్నా, ఎల్‌సీఏ లేక దరఖాస్తు పెట్టలేని రోజులు ఆ 60లోంచే కరిగిపోతాయి. గడువును షట్‌డౌన్ ఆపదు, కాగితాన్ని మాత్రం ఆపుతుంది.

ఇంత నష్టం పెట్టి ఏమైనా ఆదా అవుతుందా అంటే, అదీ లేదు. 2018-19 షట్‌డౌన్ వల్ల ఆర్థిక వ్యవస్థ 1,100 కోట్ల డాలర్లు పోగొట్టుకుందని, అందులో 300 కోట్లు ఇక ఎప్పటికీ రావని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. 2025లో ఆరు వారాలు సాగితే శాశ్వతంగా పోయేదే 1,100 కోట్ల డాలర్లని అదే కార్యాలయం ముందే చెప్పింది. 2013, 2018, 2018-19 షట్‌డౌన్లు మూడింటికీ ఖజానా మీద దాదాపు 400 కోట్ల డాలర్ల భారం పడిందని సెనేట్ ఉపసంఘం తేల్చింది. అందులో ఎక్కువ భాగం పని చేయనివ్వని రోజులకు తర్వాత చెల్లించిన జీతమే. ప్రజలు పన్ను కట్టారు, ఉద్యోగి పని చేస్తానన్నాడు, మధ్యలో చట్టం వద్దంది.

మన దగ్గర ఇలా జరగకపోవడం మన నాయకుల సంయమనం వల్ల కాదు, వ్యవస్థ అమరిక వల్ల. ఇక్కడ సభలో మెజారిటీ ఉన్నవాళ్లే ప్రభుత్వం. బడ్జెట్ ఓడితే ఆగిపోయేది ఉద్యోగి జీతం కాదు, మంత్రివర్గం. ఎన్నికల ఏడాది ఓట్ ఆన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్‌కు ముందు కొన్ని నెలల ఖర్చుకు అనుమతి) ఉండనే ఉంది. 2024-25లో ఆంధ్రప్రదేశ్ దాదాపు ఎనిమిది నెలలు దానిమీదే నడిచింది. అమెరికాలో అధ్యక్షుడు, రెండు సభలు వేర్వేరుగా ఎన్నికవుతారు. ఎవరూ ఎవరినీ దింపలేరు కాబట్టి పేచీ తెగదు, దాని బరువు మూడోవాడి మీద పడుతుంది. పోట్లాడుకునే కాంగ్రెస్ సభ్యుల జీతాలు ఆగవు, వాటికి రాజ్యాంగమే పూచీ.

పరిష్కారాలు తెలియనివి కావు. గడువు దాటితే పాత కేటాయింపులే ఆటోమేటిక్‌గా సాగేలా చట్టం చేయాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. కనీసం డ్యూటీలో ఉన్నవాళ్లకు జీతం ఆగకూడదన్న బిల్లులూ వచ్చాయి, 2025 షట్‌డౌన్ మధ్యలో ఒకటి సెనేట్‌లో నెగ్గలేదు. కాంగ్రెస్ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఖర్చు మీద పట్టే. ఆటోమేటిక్ కేటాయింపు వస్తే ఆ ఆయుధం మొద్దుబారుతుందని రెండు పార్టీలకూ భయం. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. కానీ ఆ ఆయుధానికి పదును పెడుతున్నది కంట్రోలర్ నిద్ర, గార్డు ఇంటి అద్దె అన్నప్పుడు, ఆ న్యాయం ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించాలి.

2025 నవంబర్‌లో షట్‌డౌన్ ముగిశాక రవాణా శాఖ ఒక బహుమతి ప్రకటించింది. 43 రోజుల్లో ఒక్కరోజు కూడా డ్యూటీ మానని కంట్రోలర్లకు, టెక్నీషియన్లకు తలా 10 వేల డాలర్లు. అర్హులు 776 మంది. వేలల్లో ఉన్న మిగతావాళ్లూ అవే రోజులు, జీతం లేకుండానే పని చేశారు. వాళ్లలో పిల్లకు జ్వరమొచ్చి ఒకరోజు ఆగినవాళ్లున్నారు, కళ్లు మూతలు పడుతున్నాయని రాలేనని ఫోన్ చేసినవాళ్లున్నారు. ఒంట్లో బాగోకపోతే, అలసటగా ఉంటే మైకు ముందు కూర్చోకూడదన్నది ఆ వృత్తిలో భద్రతా నియమం. ఆ నియమం పాటించినవాళ్ల పేర్లు ఆ జాబితాలో లేవు.